స్టాండు లేని సైకిలు

స్పాల్డింగ్‌లో నలభై పౌన్లకి కొన్నాను.
గేర్లు పద్దెనిమిది. స్టాండు లేదు.
అమ్మినాయన మీసం తడుముకుని
"దండగ బరువు" అన్నాడు.
మా తణుకులో సైకిలు కొంటే
స్టాండూ గంటా వెనక క్యారియరూ
అడక్కుండానే వచ్చేవి,
కొబ్బరికాయ మనం తెచ్చుకుంటే చాలు.

మాటకి ముందు ఒంటికాలి మీద లేచే మనుషుల్ని చూశాను గానీ
ఆ ఒక్క కాలూ లేని బండిని
ఇదే చూడటం.

పైగా ఈ ఫెన్ నేల.
అట్లపెనంలా చదును.
చెట్టుంటే గోడ ఉండదు, గోడ ఉంటే
"సైకిళ్ళు ఆనించరాదు" అని పలక ఉంటుంది.
కాలవలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు,
వాటి మీంచి గాలి,
అడిగేవాడు లేని గాలి.

పొద్దున ఏడూ పదికి మొదలు,
రెండింటికల్లా తొమ్మిది ఇళ్ళు:
మందులు, స్నానాలు, టోస్టు, మేజోళ్ళు.
తొమ్మిది గుమ్మాల్లోనూ వెనకనుంచి ఒకటే మాట, ధడేల్.
కంకర మీద ఒకసారి, చెత్తబిన్ను మీద ఒకసారి,
పాక్లింగ్టన్ గారి లావెండర్ మొక్క మీద ఒకసారి.
ఆ మొక్కకి ఇప్పటికీ క్షమాపణలు చెబుతూనే ఉన్నాను.

మూడో ఇల్లు సిరిల్ వ్రే గారిది.
ముప్పై ఏళ్ళు కాలవల మీద పంపులు చూసినాయన.
పక్షవాతం వచ్చాక కిటికీ పక్కన కుర్చీ,
ఎడమ భుజం కింద నేను మడిచి పెట్టే తువ్వాలు.
అది లేకపోతే ఒరిగిపోతాడు
మెల్లగా,
తనకి తెలియకుండా.

రోజూ నా సైకిలు పడటం చూసేవాడు.
పదమూడో రోజున నోరు విప్పాడు, సగం నోరు.
"పెడలు."
పెడల్ని ఫుట్‌పాత్ అంచు మీద ఆనించి
బెత్తెడు వెనక్కి తొయ్యాలట.
తోశాను. నిలబడింది!
కిటికీలోంచి ఒక్క కనుబొమ్మ లేచింది.

మర్నాడు "బ్రేకు."
జడ రబ్బరు విప్పి
ముందు బ్రేకునీ పిడినీ కలిపి బిగించాను.
చక్రం కదలదు, గోడకి చేరేస్తే జారదు.
ఆ రోజంతా జుట్టు నా నోట్లోనే.

ఆ పై వారం పంగల కర్ర.
కంచెలోంచి కోసి, సీటు కింద ఊతకి సరిపడా చెక్కి,
గొట్టానికి పురికొసతో కట్టుకుని తిరుగుతుంటే
వంతెన మీద బడిపిల్లలు, గాలమనుకున్నారేమో,
"ఏమైనా పడ్డాయా?" అన్నారు.
"పడింది, రోజుకి తొమ్మిదిసార్లు."

అక్టోబరులో ఒక పొద్దున
గుమ్మంలో ఆయనే నిలబడి ఉన్నాడు,
తనకి బొత్తిగా గిట్టని నాలుగు కాళ్ళ ఫ్రేము పట్టుకుని.
నేను కర్ర విప్పేలోగా గాలొచ్చింది,
సైకిలు ఆయన వైపే ఒరిగింది.
ఫ్రేము వదిలేసి
కుడిచేత్తో హ్యాండిలు అందుకున్నాడు,
బ్రేకు నొక్కి పట్టాడు, పాత అలవాటులా ఉంది.
"పద, టీ పెట్టు. దీన్ని నేను చూస్తా."

రూలు ప్రకారం వదిలి వెళ్ళకూడదు.
చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాను
చాచకుండా.
చక్రం వణికింది, మోకాలు వణికింది,
ఏది ముందో చెప్పలేను.

లాగ్‌బుక్కులో ఒక గడి ఉంటుంది:
ఆసరా లేకుండా నిలబడ్డారా?
అవుననీ రాయలేను, కాదనీ రాయలేను.
ఎవరు ఎవర్ని పట్టుకున్నారో ఆ గడిలో పట్టదు.
"నాలుగు నిమిషాలు" అని రాసి మూసేశాను.

నాలుగో ఇంటికి ఆలస్యమైంది.
అక్కడ గోడ లేదు, అంచు లేదు, కంచె కూడా లేదు,
కర్రేమో ఆయన గుమ్మంలోనే మర్చిపోయాను.
పడిందానికీ పడుకోబెట్టినదానికీ తేడా ఉందని
ఆయనే అన్నాడొకసారి.
మెల్లగా గడ్డిలో పడుకోబెట్టాను,
చైను పైకి ఉండేలా.